గృహకృత్యములు: నూతిమోటారు మార్చవలసి వచ్చినప్పుడు



చీర నెన్నుకొనునప్పుడు మనము నేత చూతుము, అంచు చూతుము, తడిపినచో రంగు విడుచునేమో విచారింతుము. బియ్యము కొనునప్పుడు గింజను పంటికింద పెట్టి చూతుము. ఇంతటి నేర్పుగల మనము నూతిమోటారు చెడిపోయినప్పుడు మాత్రము "అది మగవారు చూచుకొందురు" అని తొలగిపోవుచున్నాము. మగవారో, బడికో కచేరీకో పోవు తొందరలో అంగడికేగి, అంగడివాడు చూపినదానిని ఆటోలో వేయించుకొని వచ్చుచున్నారు. నీరు రానినాడు అంట్లగిన్నెల ముందు కూర్చుండవలసినది ఎవరు? పసిపిల్లల గుడ్డలు ఉతుకవలసినది ఎవరు? ప్రక్కింటి నూతికి బిందె పట్టుకొని పోవలసినది ఎవరు? కష్టము మనదైనప్పుడు ఎన్నికయందును మనకు పాలుండవలెను. అందువలన ఈ మాసము నూతిమోటారును మార్చు విషయమున గృహిణి తెలిసికొనదగిన సంగతులను మనవి చేయుచున్నాము. ఇందు శాస్త్రము కొంచెమే, కొలత యెక్కువ. కొలత మనకు క్రొత్త గాదు.

మోటారనగా త్రిప్పునది, పంపనగా నీటిని నెట్టునది. ఇండ్లలో వాడునవి రెండును ఒక్క కూర్పుగనే వచ్చును గనుక మనము మొత్తమును మోటారనియే పిలుచుచున్నాము. అంగడిలో దీనిని అశ్వశక్తి ననుసరించి అమ్ముదురు. అర హెచ్‌పీ, ఒకటి హెచ్‌పీ, ఒకటిన్నర హెచ్‌పీ అని వరుసగా పేర్చియుంతురు. కొనువారును "పెద్దదైన మంచిదే గదా" యని పెద్దదానినే కోరుదురు. మేము చెప్పదలచిన ముఖ్యవిషయ మిక్కడనే యున్నది. మోటారు నెన్నుకొనవలసినది అశ్వశక్తిని చూచి గాదు. నీటిని ఎంత యెత్తునకు ఎక్కింపవలెను, ఎంత కాలములో ఎంత నీరు కావలెను అను రెండు లెక్కలను చూచి. ఆ రెండును తేలినచో అశ్వశక్తి తనంతట తాను తేలును.

మన పెద్దల కీ సంగతి తెలియును. కాలువనుండి గట్టుమీది మడికి నీరు చల్లుటకు వారు గూడ వేసిరి. ఇద్దరు మనుష్యులు చెరియొక ప్రక్క నిలిచి త్రాళ్లతో ఊపెడి ఆ గూడ కొలదిపాటి యెత్తునకే చాలును. నీరింకను లోతుగా నున్నచోట ఏతము నిలిపిరి. ఏతమునకును అందని లోతైన బావికి మోట కట్టి యెడ్లను తోలిరి. గూడ చాలినచోట ఎడ్లను కట్టినవాడు లేడు. మోట కావలసినచోట గూడతో ఆయాసపడినవాడును లేడు. భారతమున ఆదిపర్వమునందు రాకుమారుల బంతి నూత పడినప్పుడు ద్రోణాచార్యులు చేసినదియు నిట్టిదే. ఆయన నూతిలో దుమికినవాడు కాడు, నూతిని త్రవ్వించినవాడు కాడు. ఒక బాణముతో బంతిని కొట్టి, దాని తోకను మరియొక బాణముతో, దాని తోకను ఇంకొకదానితో కొట్టుచు, చేతికందువరకు బాణములనే త్రాడుగా పేర్చి బంతిని పైకి తీసెను. లోతు నెరిగి, లోతునకు తగినంత సాధనమే కూర్చెను.

మొదట విచారింపవలసినది అసలు మార్చవలెనా అనునది. మోటారు తిరుగుచుండి నీరు రాకున్నచో దోషము తరచుగా మోటారునందుండదు. నీటిలో మునిగియుండు గొట్టపు కొనను ఫుట్‌వాల్వు అను చిన్నతలుపు గలదు; అందు ఆకో ఇసుకో చిక్కుకొన్నయెడల గొట్టములోని నీరు నూతిలోనికి జారిపోయి, మోటారు గాలినే త్రిప్పుచుండును. పీల్చు గొట్టపు అతుకువద్ద వెంట్రుకవాసి బీట యున్నను అంతే. మోటారు "గుమ్" అను శబ్దము చేయుచు తిరుగకున్నచో, అనేకపర్యాయములు కెపాసిటరు బలహీనపడియుండును; అది స్వల్పవ్యయముతో మారును. కరెంటు వోల్టేజి తగ్గినప్పుడును అట్లే జరుగును. మీట మరల మరల వేసి చూచుటకంటె ఒక గంట యాగుట మేలు. తీగచుట్టు కాలిపోయినప్పుడు వైండింగు చేయింపవచ్చును. కాని పంపులోని చక్రము అరిగి, బేరింగులు గలగలలాడుచు, ముందే రెండుమూడుమార్లు వైండింగు జరిగియున్నచో, మరల దానిపై వ్యయము చేయుట చినిగిన చీరకు పట్టుఅంచు కుట్టుట వంటిది. అప్పుడు క్రొత్తది కొనవలెను.

ఇక కొలతలు. మొదటిది ఎత్తు. ఒక త్రాటికి రాయి కట్టి నూతిలోనికి విడిచి, నీటిమట్టము నేలకు ఎంత క్రిందనున్నదో కొలువవలెను. మాఘమాసములో కొలిచిన కొలత చాలదు. వైశాఖములో నీరెంతవరకు దిగునో అదియే మనకు కావలసినది, ఏలయన మోటారుతో మనకు గాఢముగా పని పడునది అప్పుడే. తరువాత నేలనుండి డాబామీది తొట్టిలో గొట్టము పడు చోటివరకు ఎత్తు కొలువవలెను. ఈ రెండును కలుపవలెను. గొట్టముల పొడవునను వంపులలోను నీటికి కలుగు రాపిడి కింకను కొంత చేర్పవలెను. వంపు లెక్కువైనకొలది, గొట్టము సన్ననైనకొలది ఈ రాపిడి మిక్కుటమగును. మోటారు మూతి ముప్పావు అంగుళమో అంగుళమో చూడక, దానికంటె సన్ననిగొట్టము తగిలించుట గొంతు బిగించి మాటలాడుమన్నట్లుండును.

రెండవది నీటి పరిమాణము. తొట్టి వేయి లీటర్లదై అరగంటలో నిండిన చాలుననుకొన్నచో, నిమిషమునకు సుమారు 33 లీటర్లు కావలెను. పాత మోటారు పనిచేయుచుండగనే దాని శక్తిని తెలిసికొనదలచినవారు తొట్టివద్ద ఇరువది లీటర్ల బకెట్టు పెట్టి గడియారము చూచిన చాలును. బకెట్టు 36 సెకండ్లలో నిండినచో నిమిషమునకు 33 లీటర్లు వచ్చుచున్నట్లు.

అంతటితో తీరలేదు, నూయి ఎంత ఇయ్యగలదో కూడ చూడవలెను. లోపలి వెడల్పు మీటరున్నర గల వరలనూతిలో ఒక్క మీటరు లోతున సుమారు 1,770 లీటర్ల నీరుండును. ఊట రాకున్నచో వేయి లీటర్లు తోడగనే మట్టము 57 సెంటీమీటర్లు, అనగా రెండడుగులకు కొంచెము తక్కువగా దిగును. వేసవిలో మూడడుగుల నీరే నిలుచు నూతికి ఇది చిన్నమాట కాదు. నీరు మెల్లగా తోడినచో ఊట దానివెంట వచ్చుచుండును. ఒక్కసారిగా లాగినచో ఊట యందుకొనజాలక, మోటారు గాలినే త్రాగి వేడెక్కి మాడిపోవును.

ఈ లెక్కను మేము మాయింట చేసిన విధము చెప్పుదుము. 2024 వేసవిలో మాయింటి మోటారు పూర్తిగా చెడిపోయినది. వైశాఖపు మట్టము నేలకు 5 మీటర్ల క్రింద. తొట్టిమూతి నేలకు 9 మీటర్ల పైన. వంపులు నాలుగు, గొట్టపు పొడవు కొంత యెక్కువ గనుక రాపిడికి 3 మీటర్లు చేర్చితిమి. వెరసి 17 మీటర్లు. సెకండుకు ఎన్ని లీటర్లో, ఎన్ని మీటర్లో ఆ రెంటిని హెచ్చించి 9.8 చేత గుణించినచో నీటి నెత్తుటకు పట్టు శక్తి వాట్లలో వచ్చును. ఈ సూత్రమును మావారు పిల్లలకు బడిలో చెప్పునదే. మా లెక్కలో అది సుమారు 93 వాట్లు. చిన్నపంపులు తమకిచ్చిన శక్తిలో మూడింట నొకవంతు, ఒక్కొక్కప్పుడు అంతకన్న తక్కువ, నీటికి చేర్చును గనుక మాకు సుమారు 300 వాట్లు కావలెను. ఒక అశ్వశక్తి 746 వాట్లు. అందులో సగము 373. కాబట్టి అర అశ్వశక్తి మాకు చాలును.

అంగడిలో మాకు మొదట చూపినది ఒకటిన్నర. "అమ్మగారూ, ఇది తీసుకోండి. పది నిమిషాల్లో ట్యాంకు నిండిపోతుంది. ధరలో పెద్ద తేడా లేదు" అని అంగడివాడు పలికినాడు. మేము "సరేనండి, పదిహేడు మీటర్ల హెడ్డుకు నిమిషానికి ఎన్ని లీటర్లు ఇస్తుందో పట్టిక చూపించండి" యని యడిగితిమి. అతడొకమారు మావారి వంక చూచెను. మావారు "నాకు లెక్కలు చెప్పుటయే వచ్చును; ఇంటి లెక్క వారిది" యని నవ్విరి. పట్టిక వచ్చెను. అర హెచ్‌పీ రకమునకు మా యెత్తువద్ద 34 లీటర్లు వ్రాసియుండెను. దానినే తెచ్చితిమి. బిగించిన పిమ్మట తొట్టివద్ద బకెట్టు పెట్టి చూడగా 35 సెకండ్లకు నిండినది.

పెట్టెమీద పెద్ద అక్షరములతో అచ్చువేసిన అంకెలను చూచి మోసపోరాదని యిక్కడ చెప్పవలసియున్నది. గరిష్ఠపు ఎత్తు ఇన్ని మీటర్లు, గరిష్ఠపు నీరు ఇన్ని లీటర్లు అని రెండును ప్రక్కప్రక్కనే యుండును. చదువువారు ఆ రెండును ఒక్కమారే కలుగుననుకొందురు. అట్లు కాదు. గరిష్ఠపు ఎత్తునకు పోయినప్పుడు పంపు నీరు ఇంచుమించు ఇయ్యదు. గరిష్ఠపు నీరిచ్చునప్పుడు ఎత్తునకు పోజాలదు. కావలసినది ఆ రెంటి నడుమ గల పట్టిక. మన ఎత్తు ఆ పట్టికలో నడిమిభాగమున పడునట్లు ఎన్నుకొన్నచో పంపు సుఖముగా పనిచేయును, కరెంటును వ్యర్థము కాదు.

పెద్దది తెచ్చినవారి గతి యేమనగా, గొట్టము మునుపటిదే, నీరు మాత్రము వడిగా పోవలెను. వడి రెట్టింపైనచో రాపిడి రమారమి నాలుగు రెట్లగును. కావున అధికశక్తిలో పెద్దభాగము గొట్టమును రాచుటకే చెల్లును. కరెంటు తీగ వేడెక్కును, మోటారు మొదలుపెట్టునప్పుడు ఇంటిలో దీపములు కుంగును, నూయి ఎండును. నెలనెలా వచ్చు బిల్లులో వీని వివరము వ్రాయబడియుండదు.

నేలమీద నిలుపు మోటారునకు మరియొక హద్దు గలదు. అది నీటిని పీల్చుచున్నదని మన మనుకొందుము. నిజమునకు నూతిలోని నీటిమీద గాలియే అదిమి, లోపల శూన్యమైన గొట్టములోనికి నీటిని నెట్టుచున్నది. గాలియొక్క ఈ బలము ఎంత చక్కని పంపునకైనను 10.3 మీటర్లకు మించి నీటిని నిలుపలేదు. వాడుకలో 7 మీటర్లు దాటినచో నమ్మరాదు. మీ నూయి వైశాఖమున ఎనిమిది మీటర్లకు దిగునదైనచో, పైన నిలుపునది ఎన్ని అశ్వశక్తులదైనను నిష్ప్రయోజనము. మోటారును నూతిలో క్రిందిగా గట్టు కట్టి నిలుపవలెను, లేదా నీటిలోనే మునిగియుండు రకమును తెచ్చుకొనవలెను. ఓపెన్‌వెల్ సబ్‌మెర్సిబులని అంగళ్లలో దీనినే పిలుచుదురు.

బోరుబావి గలవారికి రెండు మాటలు. బోరులో పంపును 60 మీటర్ల లోతున వ్రేలాడదీసినంతమాత్రమున అది 60 మీటర్లు ఎత్తుచున్నట్లు కాదు. తోడుచుండగా నీటిమట్టము 30 మీటర్లయొద్ద నిలిచినచో, అచటినుండియే ఎత్తు లెక్కింపవలెను. ఈ తేడా నెరుగక అనేకులు వలసినదానికి రెట్టింపు స్టేజీలు గల పంపు కొనుచున్నారు. పాతదానిని పైకి తీసిన నాడు గొట్టములు ఎన్ని వచ్చినవో లెక్కించి, ఎన్నవ గొట్టమువరకు తడి యున్నదో గుర్తుపెట్టుకొనుడు. బోరు అడుగునకు తాకునట్లు దింపరాదు. బురద చుట్టుకొని మోటారునకు చల్లదన మందదు. నీటితో నిండు జాతి మోటారైనచో దింపుటకు ముందు లోపల శుభ్రమైన నీరు నింపిరో లేదో దగ్గర నిలిచి చూడవలెను. నీరు లేనప్పుడు తానే ఆగిపోవు ఏర్పాటు గల స్టార్టరు పెట్టెకు కొంచెము వ్యయమైనను అది మోటారు ప్రాణమును కాపాడును. సబ్‌మెర్సిబులు పంపులపై ఐ.ఎస్. 8034 అను గుర్తు ఉన్నదేమో చూచి, రసీదును ముద్రతోసహా పుచ్చుకొనవలెను.

కావ్యములలో రాజగృహముల కేళాకూళులను గూర్చి చదివియున్నాము. నేడు భాగ్యనగరమున కొన్ని గృహములందును, అమెరికాలో కాపురముండు మన తెలుగువారి యిండ్లలో కొన్నిటను అట్టి ఈతకొలనులు గలవు. అక్కడి చెల్లెండ్రకును మోటారు మార్చు అవసరము వచ్చును గనుక ఒక మాట. కొలనిలోని పంపు నీటిని పైకెత్తుట లేదు. ఆ నీటినే వడపోతగుండా త్రిప్పి మరల కొలనికి చేర్చుచున్నది. దాని పని యంతయు రాపిడితోడనే. అందుచేత వేగము సగము చేసినచో నీరు సగము వచ్చును, శక్తి మాత్రము ఎనిమిదవవంతే పట్టును. రెండింతల సేపు నడిపి అంతే నీటిని త్రిప్పినను మొత్తపు కరెంటు నాలుగవవంతునకు దిగును. అమెరికాలో 2021 జూలై 19 నుండి అమలైన సమాఖ్య నియమము మూలమున అచట క్రొత్తగా తయారగు కొలను పంపులు చాలవరకు వేగము మార్చుకొను రకములే. అక్కడను పాతపంపు అశ్వశక్తిని చూచి అంతదే తెమ్మనుట తగదు. మన నూతిమోటారు విషయమున మాత్రము ఈ యుపాయము చెల్లదు. వేగము మితిమీరి తగ్గించినచో నీరు తొట్టివరకు ఎక్కనే యెక్కదు.

పురపాలకసంఘపు కుళాయికి మోటారు తగిలించు అలవాటు కొన్ని వీధులలో గలదు. ఇది నియమవిరుద్ధము, అధికారులు మోటారు తీసికొనిపోవుదురు. అంతకన్న ముఖ్యమైన దొకటి. ఒకరు పీల్చినచో వీధి చివరి యింటివారికి బిందెడు నీరైనను రాదు. పైగా గొట్టములో ఏర్పడిన వెలితివలన ప్రక్కనున్న మురికినీరు బీటలగుండా మంచినీటిలో కలియును. ఆ నీటిని త్రాగునది మన పిల్లలును, పొరుగువారి పిల్లలును. ఎంత నెమ్మదిగా వచ్చినను నేలతొట్టిలో నిండనిచ్చి, అక్కడినుండి పైకి ఎక్కించుకొనుటయే న్యాయము.

కడపట ప్రాణరక్షణము. నీరు, కరెంటు ఒక్కచోట నుండు వస్తువిది. తడికాళ్లతో, తడిచేతులతో మీట తాకరాదు. ఎర్తుతీగ లేనిదే మోటారు బిగింపనీయకుడు. "తరువాత వేతము" అనువాని మాట వినకుడు. కరెంటు పారినంతనే తెగిపోవు 30 మిల్లీయాంపియర్ల ఆర్‌సీసీబీ యొకటి మోటారు దారిలో పెట్టించుట మంచిది. స్నానాలగదిలో నీరు తాకినంతనే చేయి జివ్వుమన్నచో నవ్వి యూరకుండరాదు; వెంటనే మెయిను ఆపి మనిషిని పిలిపింపవలెను. నూతిలోనికి మనుష్యుని దింపవలసివచ్చినచో, చాలకాలముగా మూసియున్న నూయి మిక్కిలి ప్రమాదము. వెలుగుచున్న దీపమును త్రాటితో దింపి చూడుడు. ఆరినచో ఎవరును దిగరాదు. ఆరకున్నను, అన్ని విషవాయువులును లేవని నమ్మరాదు గనుక, నడుమునకు మోకు కట్టక, పైన ఇద్దరుండక దింపరాదు. దిగినవాడు పడిపోయినచో రక్షించుటకై మరియొకడు వెంటనే దుముకుటచేతనే ఒక్క నూతిలో ఇద్దరు ముగ్గురు పోవుచున్నారు. కూలి రెండువందలు ఎక్కువైనను జాగ్రత్త తెలిసినవానినే పిలువుడు. అతని యింటను ఒక తల్లియో భార్యయో ఎదురు చూచుచుండును.

ఇవి యన్నియు జ్ఞాపకముంచుకొనుట కష్టమనువారు ఒక కాగితముమీద అయిదు వరుసలు వ్రాసి బీరువాతలుపు లోపల అంటించుకొనుడు: వైశాఖమున నీటిమట్టము, తొట్టియెత్తు, వెరసి హెడ్డు, బకెట్టు నిండు సెకండ్లు, మోటారు కొన్న తేది. మోటారు ఎల్లప్పుడును ఆదివారమునాడో, చుట్టములు వచ్చిననాడో చెడును. ఆనాడు ఈ కాగితము చేతపట్టుకొని అంగడికి పోవు గృహిణిని ఎవరును పెద్దమోటారుతో పంపజాలరు.

వచ్చు సంచికలో నీటితొట్టిని నాచు పట్టకుండ కాపాడు విధమును గూర్చి వ్రాయుదుము.